కసౌలీ కొండ మీద నుంచి తార్నాక దాకా

కసౌలీలో చూడడానికి ఏముంది అని అడిగితే, నిజం చెప్పాలంటే ఏమీ లేదు. సిమ్లాలో లాగా పెద్ద బజారు లేదు. మనాలీలో లాగా మంచులో జారే ఆటలు లేవు. పడవ షికారుకి నైనితాల్ లాంటి చెరువు కూడా లేదు. ఆరు వేల అడుగుల ఎత్తున, ఒక కొండ వెన్ను మీద పరుచుకున్న చిన్న కంటోన్మెంట్ ఊరు, అంతే. హిమాచల్‌లోని సోలన్ జిల్లాలో ఉంది. చండీగఢ్ నుంచి టాక్సీలో రెండు గంటలు. కల్కా నుంచి సిమ్లా వెళ్లే చిన్న రైలు ఎక్కితే ధరంపూర్‌లో దిగి, అక్కడి నుంచి మళ్లీ టాక్సీ మాట్లాడుకోవాలి. రైలు మాత్రం ఎక్కండి. 1903లో వేసిన లైను, సొరంగాల్లోంచి పోతుంటే పిల్లలతో పాటు మనమూ కేకలు పెడతాం.

మరి ఏమీ లేని ఊరికి ఎందుకు వెళ్లాలి? నడవడానికి. అప్పర్ మాల్, లోయర్ మాల్ అని రెండు రోడ్లు. రెండు పక్కలా దేవదారు, పైన్, ఓక్ చెట్లు. రోడ్డు మీద రాలిన పైన్ సూదులు అడుగు చప్పుడు కూడా వినపడనివ్వవు. గిల్బర్ట్ ట్రెయిల్ అనే కాలిబాట ఒకటుంది, పొద్దున్నే వెళ్తే మనం, పక్షులు, అంతే. 1853 నాటి క్రైస్ట్ చర్చి ఉంది, రాతి గోడలు, రంగు అద్దాల కిటికీలు. దాని దగ్గరే బజారు, ఎంత ఇరుకంటే ఎదురుగా ఇద్దరు వస్తే మనం ఒక పక్కకి ఒదగాలి. అక్కడ బన్నులో సమోసా పెట్టి ఇస్తారు. పిండిలో పిండి పెట్టుకుని తినడమేమిటని నేను నవ్వాను గానీ ఆ చలికి రెండోది కూడా అడిగి తిన్నాను.

మంకీ పాయింట్ అందరూ చెప్పే చోటు. సంజీవని కొండ మోసుకొస్తూ హనుమంతుడు ఇక్కడ కాలు మోపాడని అక్కడివాళ్ల నమ్మకం. గుడి వాయుసేన ఆవరణలో ఉంది కాబట్టి గుర్తింపు కార్డు చూపించాలి, ఫోన్లు, కెమెరాలు బయటే వదిలేయాలి. నా ఉద్దేశంలో ఆ ఊళ్లో అన్నిటికన్నా మంచి రూలు అదే. ఫోన్ లేని పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూచుంటే ఎన్ని కబుర్లు దొర్లుతాయో అక్కడే చూశాను.

రస్కిన్ బాండ్ 1934లో పుట్టింది ఈ ఊళ్లోనే అని మా అమ్మాయి చెప్పింది. కొండల మీద ఆయన రాసినవన్నీ ముస్సోరీవే అనుకుంటాం. పుట్టిల్లు మాత్రం కసౌలీ.

ఇవన్నీ ఎవరైనా చెప్పేవే. తార్నాకలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న నన్ను నిలబెట్టింది వేరే సంగతి. చెట్ల మధ్య నడుస్తుంటే ఒకచోట పాతకాలపు భవనాలు, గేటు, గేటు మీద బోర్డు: సెంట్రల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, 1905. మాకు ఇలాంటి బోర్డులు కొత్త కాదు. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు బస్సులో వెళ్తే వరుసగా అవే కదా. పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. కండక్టర్లు స్టాపుల పేర్లుగా అరిచే పేర్లు. కానీ ఇంత దూరం వచ్చి, విహారానికి వచ్చినవాళ్లు ఫోటోలు దిగే ఊళ్లో లేబొరేటరీ ఏమిటి? ఇంటికొచ్చాక ఆ దారం పట్టుకుని లాగితే అది తిన్నగా మా ఉస్మానియా క్యాంపస్ పక్కకి వచ్చి ఆగింది. ఆ కథే ఇది.

కసౌలీని ఇంగ్లీషువాళ్లు 1842లో కంటోన్మెంటుగా కట్టుకున్నారు. అందం చూసి కాదు, జ్వరాలకి భయపడి. కింద మైదానాల్లో మలేరియా, కలరా, విరేచనాలతో వాళ్ల సిపాయిలు యుద్ధాల్లో కన్నా ఎక్కువగా పోయేవాళ్లు. ఎత్తుకి వెళ్తే జ్వరం రాదని లెక్క. పక్కనే సనావర్‌లో 1847లో హెన్రీ లారెన్స్ సిపాయిల పిల్లల కోసం బడి పెట్టించాడు. ఆ రోజుల్లోనే మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివిన బడి అది. అంటే ఇవాళ మనం డబ్బు పెట్టి కొనుక్కునే ఆ చలి, ఆ నిశ్శబ్దం మొదట మందుగా వాడినవి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి పెట్టినా, నిజాం కాలంలో వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద పెట్టినా ఇదే లెక్క. మంచి గాలి ఉన్నచోటుకి జబ్బుని తీసుకెళ్లడం.

కసౌలీకి మొదట తీసుకొచ్చిన జబ్బు పిచ్చికుక్క కాటు. పారిస్‌లో పాశ్చర్ 1885లో దానికి టీకా కనిపెట్టాడు. అప్పటి నుంచి ఇండియాలో కుక్క కరిచిన తెల్లవాళ్లని ఓడెక్కించి పారిస్ పంపేవాళ్లు. మరి మనవాళ్లని? మనవాళ్లకి పారిస్ ఎక్కడిది? 1900లో కసౌలీలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు, దేశంలో మొదటిది. డేవిడ్ సెంపుల్ అనే సైనిక డాక్టరు దాన్ని నడిపాడు. కరిపించుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆ కొండెక్కి వచ్చేవాళ్లు. ఆ దారిలో నడుస్తూ ఒకటే అనుకున్నాను. ఈ లోయ, ఈ పొగమంచు వాళ్లకీ కనపడి ఉంటాయి. కాటు వేసిన కుక్క బతికుందా చచ్చిందా అని ఆలోచిస్తూ, చేతిలో బిడ్డని పట్టుకుని ఎక్కే తల్లికి అది ఏం కనపడి ఉంటుంది?

సెంపుల్ 1911లో అక్కడే కొత్త రకం టీకా తయారుచేశాడు. జబ్బు ఎక్కించిన గొర్రె మెదడు తీసి, ఫినాల్‌తో క్రిమిని చంపి చేసేది. మన తరం వాళ్లకి అది బాగా తెలుసు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు! చిన్నప్పుడు వీధికుక్కకి రాయి వెయ్యబోతే ప్రతి అమ్మా బెదిరించినది వాటితోనే. హైదరాబాద్‌లో కుక్క కరిస్తే నారాయణగూడ పరుగెత్తడం, రోజూ లైన్లో నిలబడడం. ఆ సూదికి కొందరికి కాళ్లు చచ్చుబడిపోయిన సందర్భాలూ ఉన్నాయి, అయినా వేరే దారి లేక దాదాపు తొంభై ఏళ్లు అదే వాడారు. 2005 ప్రాంతంలో గానీ మన దేశంలో పూర్తిగా ఆగలేదు. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులతో అయిపోతోంది. అంత భయపెట్టిన ఇంజెక్షన్ పుట్టిల్లు ఇంత అందమైన ఊరని ఎవరు అనుకుంటారు?

ఇక్కడి నుంచి కథ దక్షిణానికి దిగుతుంది. 1902లో నీలగిరుల్లోని కూనూరులో లిలీ పాకెన్‌హామ్-వాల్ష్ అనే యువతిని కుక్క కరిచింది. మందు దొరికేది కసౌలీలో. కూనూరు నుంచి కసౌలీ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. ఆమె రేబిస్‌తోనే పోయింది. దక్షిణాదికీ ఒక సంస్థ కావాలని అప్పుడు గట్టిగా అడిగారు. హెన్రీ ఫిప్స్ అనే అమెరికన్ ధనవంతుడు ఇచ్చిన లక్ష రూపాయలు తోడయ్యాయి. 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఒక అమ్మాయి చావు వల్ల సంస్థ వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకు ముందు అదే రోగంతో పోయిన కూలి ఆడవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు దగ్గరికి వద్దాం. ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టి, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, 1904 నుంచి ఏడేళ్లు గిల్గిట్‌లో పనిచేశాడు. హిమాలయాలకీ కారకోరానికీ నడుమ ఉన్న చోటు. ఆ లోయల్లో గాయిటర్ విపరీతం, మన పాత వైద్యులు గళగండం అనేది. మెడ ముందు కాయలా వాపు. అది ఒక్కటే అయితే పూసల దండతో కప్పుకోవచ్చు. ఆ తల్లులకి పుట్టిన పిల్లల్లో చెవిటి మూగవాళ్లు, ఎదగనివాళ్లు, బుద్ధిమాంద్యంతో ఉన్నవాళ్లు ఎక్కువ. అసలు బాధ అక్కడుంది.

మెక్‌కారిసన్ గమనించింది ఏమిటంటే, ఒకే కాలువ నీళ్లు తాగే గ్రామాల్లో కాలువ కిందికి వెళ్లేకొద్దీ గళగండం పెరుగుతోంది. పైవాళ్ల మురికి కిందివాళ్ల నీళ్లలో కలుస్తోంది కదా, ఈ రోగం ఆ మురికిలో ఉందన్నాడు. తేల్చుకోవడానికి ఆ నీళ్ల మడ్డిని తనే తాగాడు, ఒప్పుకున్నవాళ్ల చేత తాగించాడు. కొందరికి నిజంగానే మెడ వాచింది. మడ్డిని మరగబెట్టి తాగినవాళ్లకి రాలేదు. అది చాలు ఆయనకి. 1913లో ప్రభుత్వం ఆయన్ని ఈ పరిశోధన మీదే కసౌలీకి, మనం గేటు చూసిన ఆ సెంట్రల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపింది. అయితే అసలు కారణం మురికి కాదు. వానలు, కరిగే మంచు, వరదలు వేల ఏళ్లుగా కొండ మట్టిలోని అయోడిన్‌ని కడిగేశాయి. మట్టిలో లేనిది పంటలో ఉండదు, పంటలో లేనిది మనిషిలో ఉండదు. మనం ఫోటోలు తీసుకునే ఆ సెలయేళ్లూ జలపాతాలూ చేసిన పనే అది.

మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఆయన పని ఆగింది. 1918లో తిరిగొచ్చి కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. సరిగ్గా అదే ఏడాది ఇక్కడ ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. ఈ రెండూ నలభై ఏళ్ల తర్వాత ఇరుగుపొరుగు అవుతాయని ఎవరికి తెలుసు?

బెరిబెరి అంటే మనకెందుకు అనుకోకండి. ఇది అచ్చంగా మన ఇంటి కథ. నరాలు చచ్చుబడి, ఒళ్లు వాచి, గుండె ఆగిపోయే ఈ రోగం దేశంలో ముఖ్యంగా ఎక్కడుందో తెలుసా? అప్పటి మదరాసు రాష్ట్రంలోని ఉత్తర సర్కారుల్లో. అంటే విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, గుంటూరు. అన్నపూర్ణ అని చెప్పుకునే జిల్లాల్లో! 1924లో మెక్‌కారిసన్, నారిస్ కలిసి దీని మీద రాశారు. దక్షిణాన తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టేటప్పుడు తవుడులోని బీ1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది. మనవాళ్లకి ఉప్పుడు బియ్యం అంటే చిన్నచూపు, తెల్లగా మల్లెపువ్వులా ఉండే పచ్చిబియ్యమే కావాలి. రోకటి దంపుడు ఉన్నన్నాళ్లు తవుడు కొంత మిగిలేది. మిల్లులు వచ్చాక అదీ పోయింది. పోయిందానికి తోడు మనం ఆ బియ్యాన్ని మూడుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం.

అన్నిటికన్నా నన్ను కలచింది నెలల పిల్లల సంగతి. కూనూరు లేబొరేటరీకి మెక్‌కారిసన్ తర్వాత డైరెక్టరుగా వచ్చిన ఎక్రాయిడ్, కృష్ణన్‌తో కలిసి 1941లో ఈ బెరిబెరి ప్రాంతాల్లో పసిపిల్లల చావుల గురించి రాశాడు. తల్లి ఒంట్లో బీ1 లేకపోతే పాలలోనూ ఉండదు. రెండో నెల నుంచి అయిదో నెల లోపు, చక్కగా పాలు తాగుతున్న బిడ్డ ఉన్నట్టుండి ఏడ్చి, గొంతు పోయి, ఒక్క పూటలో చనిపోతుంది. మా అత్తగారిది కోనసీమ. వాళ్ల అమ్మమ్మకి తొమ్మిదిమంది పుడితే నలుగురు మూడో నెల, నాలుగో నెలలోనే పోయారని చెప్పేవారు. బాలగ్రహం అన్నారట. తాయెత్తులు కట్టించారట. బాలింతకి పథ్యం కదా, పాత బియ్యం అన్నం, కారప్పొడి, నెయ్యి, అంతకు మించి పెట్టేవారు కాదు. అది బెరిబెరేనని నేను అనను, ఇప్పుడు ఎవరు తేల్చగలరు? కానీ ఆ పేపరు సంగతి తెలిశాక ఆ నలుగురి గురించి ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను. చుట్టూ వరిచేలు ఉండి, ఇంట్లో పాడి ఉండి.

మెక్‌కారిసన్ ఎలుకల ప్రయోగం కూడా చెప్పాలి. ఎలుకల్ని జట్లుగా చేసి ఒక్కో జట్టుకి దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్లు తినే తిండి పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు తిన్న పంజాబీ సిక్కుల జట్టు అందరికన్నా పైన. అట్టడుగున ఎవరున్నారంటే మదరాసీ తిండి తిన్న ఎలుకలు. అప్పటికి సర్కారు, సీమ జిల్లాల తెలుగువాళ్లూ మదరాసీలే మరి! నాకు ఇందులో కొంచెం పేచీ ఉంది. అదే అన్నంలో మా నాయనమ్మ వేసుకునే తోటకూర పప్పు, గోంగూర, కమ్మటి పెరుగు, వేరుశనగ పచ్చడి పెట్టి ఉంటే ఆ ఎలుకలు అంత చిక్కేవి కావు. ఆయన పెట్టింది పేదవాడి కంచం. కానీ ఆలోచిస్తే, పేదవాడి కంచాన్నే కదా చూడాల్సింది.

ఆ ఒంటిగది 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది. 1937లో ఎక్రాయిడ్ ఒక చిన్న పుస్తకం వేయించాడు, మన తిండిపదార్థాల్లో దేనిలో ఎంత ఏముందో పట్టికలు. మునగాకులో ఇంత, రాగుల్లో ఇంత అని మనం వంటల కార్యక్రమాల్లో వినే అంకెలకి పునాది అదే. దాన్నే గోపాలన్ గారూ తోటివారూ పెంచి 1971లో తెచ్చారు. 2017లో వచ్చిన కొత్త పట్టికల్లో 528 రకాల పదార్థాలున్నాయి.

1958లో ఆ లేబొరేటరీ కొండ దిగింది. కూనూరు వదిలి హైదరాబాద్‌కి, ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణకి ఆనుకుని తార్నాకకి వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మారింది. ఎన్ఐఎన్ అంటే ఇక్కడ ఆటోవాళ్లందరికీ తెలుసు. చల్లని నీలగిరి వదిలి ఈ ఎండల్లోకి ఎందుకు వచ్చారా అని చాలామంది విస్తుపోతారు. నాకు తోచేది ఇది: ఎలుకలు ఎక్కడైనా బతుకుతాయి, ఆకలి జబ్బు మాత్రం మనుషులు ఉన్నచోట ఉంటుంది. ఉస్మానియా, గాంధీ, నీలోఫర్ లాంటి ఆసుపత్రులు ఉన్న ఊరు, చుట్టూ తెలంగాణ పల్లెలు. రోగి దగ్గరికి పరిశోధన వచ్చింది. కసౌలీ కాలపు పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు.

వచ్చిన రెండేళ్లకే పని మొదలైంది. అప్పట్లో దక్కనులో పేద కూలీలకి ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొరలు ఊడి, విరేచనాలు పట్టి, మతి చలించే జబ్బు వచ్చేది. పెలాగ్రా. ప్రపంచంలో అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు. ఇక్కడివాళ్లు తినేది జొన్న. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండి, శరీరంలో నయాసిన్ విటమిన్‌కి అడ్డుపడుతుందని గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో రాశారు. దాని మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి. అయితే జొన్న రొట్టె చెడ్డదని దీని అర్థం కాదు, ఇప్పుడు జొన్నరొట్టె ఫ్యాషన్ కూడా. జొన్న తప్ప మరేమీ దొరకకపోవడమే జబ్బు. అంగన్‌వాడీలో ఆర్నెల్లకోసారి పిల్లల నోట్లో పోసే విటమిన్ ఏ చుక్కలు ఉన్నాయి చూశారా, దేశమంతా 1970లో మొదలైన ఆ పథకం వెనక ఈ సంస్థ పరిశోధనే ఉంది. చూపు పోయే పిల్లల్ని ఆపడానికి. 1970ల్లో నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లకి పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతుంటే వెళ్లి చూసిందీ వీళ్లే.

మా క్యాంపస్ కూడా ఒక విధంగా కొండ ఊరే. నవ్వకండి. అడిక్‌మెట్ వైపు గుట్టలు, బండరాళ్లు, సీతాఫలం పొదలు, తెల్లారకముందు నెమళ్ల కేకలు. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ గులాబీరంగు రాయి మీద తొలి ఎండ పడేవేళ చీరల కింద స్పోర్ట్స్ షూలు వేసుకుని మేం పదిహేనుమంది నడుస్తాం. గేటు దాటి మెట్రో స్తంభాల కిందికి వచ్చేదాకా హారన్ వినపడదు. కసౌలీ అప్పర్ మాల్ మీద నడిచినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. తేడా చలిలోనే.

ఇక ఈ కథలో కింద నుంచి పైకి వెళ్లిన ఒక మనిషి ఉన్నారు, ఆయన మన తెలుగువారు. వులిమిరి రామలింగస్వామి గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. కూనూరు న్యూట్రిషన్ లేబొరేటరీలో పనిచేసి, ఢిల్లీ ఎయిమ్స్‌కి వెళ్లారు. తర్వాత దానికే డైరెక్టరు, వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. మెక్‌కారిసన్ వదిలిన ముడిని ఆయన హిమాచల్‌లోని కాంగ్రా లోయలో పట్టుకున్నారు.

గళగండం అయోడిన్ లోపమేనని అప్పటికి తెలుసు. మరి లక్షమందికి రోజూ అయోడిన్ ఎలా అందించాలి? మాత్రలు ఇస్తే మర్చిపోతారు. నీళ్లలో కలిపే వీలు లేదు. పేదా గొప్పా తేడా లేకుండా అందరూ రోజూ, ఇంచుమించు ఒకే కొలతలో తినేది ఒకటే ఉంది. ఉప్పు. వంటింటి సంగతి తెలిసినవాళ్లకే తట్టే ఆలోచన ఇది. 1956 చివర్లో కాంగ్రా లోయని మూడు మండలాలుగా విడదీశారు. ఏ, సీ మండలాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, బీ మండలానికి మామూలు ఉప్పు. అయిదేళ్లు గడిచాక చూస్తే ఏ, సీల్లో గళగండాలు బాగా తగ్గాయి. బీలో ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ లెక్క చూపించాకే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ పథకం మొదలైంది. బీ మండలానికీ అప్పుడు అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గింది.

పథకం మొదలైనా ఉప్పు దేశమంతటా అందడానికి చాలా ఏళ్లు పట్టింది. 1997లో అయోడిన్ లేని ఉప్పుని తినడానికి అమ్మకూడదని కేంద్రం నిషేధించింది, 2000లో ఎత్తేసింది, 2006లో మళ్లీ తెచ్చింది. రాళ్ల ఉప్పే మంచిదని ఈమధ్య మా వాకింగ్ జట్టులోనూ ఇద్దరు మారారు. హిమాలయన్ పింక్ సాల్ట్ అని గులాబీరంగు ఉప్పు కూడా సూపర్‌మార్కెట్లో వచ్చింది, కిలో ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. పేరు చూసి నాకు నవ్వొచ్చింది. హిమాలయాల్లో ఆడవాళ్లు దేని కోసం అల్లాడారో ఆ అయోడిన్ కలపకుండా, ఆ హిమాలయం పేరే పెట్టి! ఊరగాయకి రాళ్ల ఉప్పు వాడుకోండి, నేనూ వాడతాను. రోజువారీ పప్పులోకి, ముఖ్యంగా ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉంటే, ప్యాకెట్ మీద ఆ చిన్న సూర్యుడి గుర్తు ఉందో లేదో చూడండి. డబ్బాకి మూత బిగించి పొయ్యికి దూరంగా పెట్టండి, వేడికీ తేమకీ అయోడిన్ పోతుంది.

బీ మండలం సంగతి మాత్రం నాకు మింగుడు పడదు. అయిదేళ్లు తేడా చూపించకపోతే ప్రభుత్వం నమ్మేది కాదు, దేశమంతటికీ ఉప్పు వచ్చేది కాదు, అది తెలుసు. రామలింగస్వామి గారి మీద గౌరవం రవ్వంత తగ్గలేదు. అయినా ఆ అయిదేళ్లలో ఆ మండలంలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఎంతమందో, కాలువ అవతల ఊరివాళ్లకి ఒక ఉప్పు, తమకి ఒక ఉప్పు అని వాళ్లకి తెలుసో లేదో. మా ఆయనతో అంటే, నువ్వయితే ఏం చేసేదానివి అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

కాంగ్రా కసౌలీకి దగ్గరేమీ కాదు, ఒకే రాష్ట్రం అయినా రోడ్డు మీద ఒక రోజు పడుతుంది. పఠాన్‌కోట్ నుంచి జోగిందర్‌నగర్ దాకా 1929 నాటి చిన్న రైలు లైను ఒకటి ఆ లోయ గుండా వెళ్తుంది. వానాకాలంలో వంతెనలు దెబ్బతిని ఆపేస్తుంటారు, కాబట్టి బయలుదేరే ముందు కనుక్కోవాలి. పాలంపూర్‌లో టీ తోటలు, వెనక ధౌలాధార్ మంచుకొండల గోడ. ఈసారి మార్చిలో పిల్లల పరీక్షలు అయ్యాక అటే వెళ్దామనుకుంటున్నాం.